పిక్నిక్‌లో తప్పిపోయిన పిల్లకు కొత్తవాళ్లే దిక్కు

ఒడిశాలోని బరంపురంలో డిసెంబరు నెల తెల్లవారుజామున స్కూలు బస్సు బయల్దేరే ముందు కిటికీల దగ్గర ఒకటే గోల. "స్వెట్టరు విప్పకు. నీళ్ల దగ్గరికి పోకు. ఎవరేమిచ్చినా తినకు. కొత్తవాళ్లతో మాట్లాడకు." రెండో తరగతి పిల్ల అన్నిటికీ ఒకేలా తలూపుతుంది. దాని ధ్యాసంతా పక్క సీటులోని చిప్స్ ప్యాకెట్ మీదే. బస్సు కదిలిన గంటలోపే అమ్మ చెప్పిన ఆ చివరి మాట చెల్లకుండా పోతుంది. చెయ్యి పట్టి మెట్టు దింపే క్లీనరు కొత్తవాడు. గోపాలపూర్ ఒడ్డున కొబ్బరిబోండం కొట్టిచ్చే ఆయన కొత్తవాడు. ఫోటో తీస్తానంటూ వెంటపడే కుర్రాడు, తప్తపాణిలో వేడినీళ్ల గుండం దగ్గర "జాగ్రత్త" అని కేకేసే ముసలావిడ, అందరూ కొత్తవాళ్లే. పైగా టీచరు "అంకుల్‌కి థాంక్యూ చెప్పు" అంటుంది. పొద్దున అమ్మ మాట్లాడొద్దంది, మధ్యాహ్నం టీచరు మాట్లాడలేదని కసురుతోంది. ఏడేళ్ల బుర్ర ఈ రెండింటినీ ఎలా సర్దుకోవాలి?

పిల్లలు తమకు తెలిసిన దారిలో సర్దేసుకుంటారు. కొత్తవాడంటే గడ్డం మాసినవాడు, భుజాన గోనెసంచి ఉన్నవాడు, ఎర్రకళ్లవాడు. అన్నం తినకపోతే బూచాడికి పట్టిస్తామని బెదిరించి ఇంట్లోవాళ్లే దిద్దించిన బొమ్మ అది. నవ్వుతూ పేరు చెప్పినవాడు, పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కనబడినవాడు ఆ బొమ్మలో ఇమడడు. అంటే పిల్లకు హాని తలపెట్టినవాడికి కావలసిందల్లా శుభ్రమైన చొక్కా, ఒక చిరునవ్వు.

తెలుగిళ్లలో దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. పిల్లకు మర్యాద నేర్పడమంటే వరస కలిపి పిలవడం నేర్పడమే. పాలుపోసే ఆయన మావయ్య, పక్కవాటా ఆవిడ పిన్ని, రిక్షా పెద్దాయన తాత. ఒడియా ఇళ్లలోనూ ఇదే ధోరణి, అక్కడ మావుసి, భాయి, ఒజా. ఇది మంచి అలవాటే, మానిపించక్కర్లేదు. కానీ నోరారా మావయ్యా అని పిలిచిన మనిషిని ఆ పిల్ల మనసులో కొత్తవాడిగా ఉంచమంటే ఎలా? పిలుపుతోనే చుట్టరికం వచ్చేసింది.

ఆంధ్ర, ఒడిశా సరిహద్దు జిల్లాల్లో దీనికి భాష కూడా కలుస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు బరంపురం, పర్లాకిమిడి లాంటి ఊళ్లు మద్రాసు నుంచి అటు వెళ్లాయి. అక్కడి తెలుగు కుటుంబాల్లో పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, టీవీలో హిందీ, పుస్తకంలో ఇంగ్లిషుతో పెరుగుతారు. ఒడియా అందరి భాష, తెలుగు మనవాళ్ల భాష అన్న లెక్క ఎవరూ చెప్పకుండానే పట్టుబడుతుంది. రద్దీగా ఉన్న బీచిలో ఒకాయన వంగి, "ఏటమ్మా, ఏ వీధి మీది? మీ నాన్న నాకు బాగా తెలుసు" అని తెలుగులో అంటే చాలు, సగం గోడ కూలినట్టే. రాయగడ, గుణుపురం, జయపురంలో పెద్దవాళ్లే "మన తెలుగాయనే కదా" అని సామాను అప్పజెప్పి టీ తాగడానికి వెళ్తారు. పిల్లలు చూసి నేర్చుకునేది దాన్నే. సరిహద్దులో పిల్లల భద్రత గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి ఎవరూ ఎత్తరు గానీ, మొదట చెప్పుకోవలసింది ఇదే. మన భాష మాట్లాడినంత మాత్రాన మనవాడు కాడు.

"మాట్లాడకు" అన్న మాట పని చెయ్యకపోవడంతో ఆగదు, కొన్నిసార్లు ఎదురు తిరుగుతుంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో 2005 జూన్‌లో స్కౌట్ క్యాంపుకి వెళ్లిన 11 ఏళ్ల బాలుడొకడు కొండల్లో తప్పిపోయాడు. నాలుగు రోజులు వందలాది మంది గాలించారు. తీరా దొరికాక తెలిసిందేమిటంటే, వెతికేవాళ్లు గుర్రాల మీద వస్తుంటే వాడు చూశాడు. చూసి బాట దిగి దాక్కున్నాడు. కొత్తవాళ్లు ఎత్తుకుపోతారని ఇంట్లో చెప్పిన మాట అంత గట్టిగా పట్టుకున్నాడు. ప్రాణాలతో దొరకడం అదృష్టం.

ఆ దేశంలోనే తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే జాతీయ కేంద్రం ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న 'స్ట్రేంజర్ డేంజర్' నినాదాన్ని 2017లో పక్కన పెట్టమంది. మనిషి కొత్తా పాతా అన్నది చూడొద్దు, ఆ మనిషి ఏం అడుగుతున్నాడో చూడమని పిల్లలకు నేర్పండి అన్నది దాని సారం. ఇది మన ఇళ్లలో చెప్పుకోవడానికి తేలికే. పెద్దవాళ్లకు దారి కావాలంటే పెద్దవాళ్లను అడుగుతారు, ఏడేళ్ల పిల్లను అడగరు. "ఈ సంచి కాస్త బండి దాకా పట్టుకురా", "నాతో వస్తే కుక్కపిల్లను చూపిస్తా", "ఈ సంగతి టీచరుకు చెప్పకు", "మీ అమ్మే నన్ను పంపింది". ఈ నాలుగూ ఎవరి నోట వచ్చినా, తెలుగులో వచ్చినా ఒడియాలో వచ్చినా, టీచరు దగ్గరికి పరుగెత్తాలి. మాట్లాడొచ్చు, నవ్వొచ్చు, థాంక్యూ చెప్పొచ్చు. వెంట వెళ్లకూడదు. పిల్లకు గుర్తుండాల్సింది ఆ వెళ్లకూడదన్న ఒక్క ముక్కే.

మన దేశపు లెక్కలు చూసినా ఇదే దారి చూపిస్తాయి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి చేయించిన అధ్యయనంలో, లైంగిక హింసకు పాల్పడినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, లేదా పిల్లలు నమ్మే స్థానంలో ఉన్నవాళ్లు. పోలీసు కేసుల దాకా వచ్చిన సంగతులు చూస్తే ఆ పాలు ఇంకా ఎక్కువ. జాతీయ నేర గణాంకాల్లో పోక్సో (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) కింద పెట్టిన అత్యాచార కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్లే. పిక్నిక్‌కి దీన్ని అన్వయిస్తే పూర్తి కొత్తవాడి కన్నా సగం తెలిసినవాడి మీద కన్నుండాలి. బస్సు డ్రైవరు, క్లీనరు, వంటకు కుదుర్చుకున్న మనిషి, అతని వెంట వచ్చిన సహాయకుడు, క్యాంపులో ఆటలాడించే ఇన్‌స్ట్రక్టరు, రిసార్టులో గదుల తాళాలు పట్టుకు తిరిగే కుర్రాడు. వీళ్లలో చాలామంది నికార్సయిన మనుషులు, పిల్లలను తమ పిల్లల్లాగే చూసుకుంటారు. అయినా స్కూలు వీళ్లను పిల్లలకు పరిచయం చేసే తీరులోనే తేడా వస్తుంది. "ఈ అంకుల్ ఏం చెబితే అది వినండి" అని ఒక్క మాటతో ముప్ఫై మంది పిల్లల విధేయతను స్కూలు అప్పటికప్పుడు వాళ్ల చేతిలో పెట్టేస్తుంది. "బస్సులో ఈ అంకుల్ చెప్పినట్టు కూర్చోండి, దిగాక టీచర్ల మాటే వినండి" అంటే అదే పరిచయం వేరేగా ఉంటుంది.

రాత్రి బస ఉన్న క్యాంపుల్లో ఒక నియమం మిగతా అన్నిటికన్నా ఎక్కువ పని చేస్తుంది. తలుపు వేసిన గదిలో ఒక పెద్ద, ఒక పిల్ల మాత్రమే ఉండే సందర్భం రానివ్వకూడదు. టీచరైనా అంతే, హెడ్‌మాస్టరైనా అంతే. జ్వరం వచ్చిన పిల్లకు మందు వెయ్యాలన్నా తలుపు తీసే ఉండాలి, లేదా ఇంకో మనిషి పక్కనుండాలి. "మమ్మల్నే అనుమానిస్తారా" అని నొచ్చుకునేవాళ్లు ఉంటారు. నియమం అందరికీ ఒకటే అయినప్పుడు అనుమానం ఎవరి మీదా ఉండదు, నిజానికి మంచి టీచరుకు అదే రక్ష. ఏదైనా జరిగిందని తెలిసీ స్కూలు పరువు కోసం దాచడం నేరం. పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థ బాధ్యుడు దాస్తే 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు.

ఇక అసలు సరిహద్దు సమస్యకు వద్దాం. పర్లాకిమిడి స్కూలు పిల్లలను అరసవల్లి, శ్రీకూర్మం తీసుకెళ్తారు. జయపురం, కోరాపుట్ పిల్లలు కిరండూల్ రైలెక్కి అరకు, బొర్రా గుహలకు వెళ్తారు. బరంపురం నుంచి బయల్దేరితే ఇచ్ఛాపురం నుంచే ఆంధ్ర. ఈ పిల్లల్లో సగం మందికి అటువైపు అమ్మమ్మ ఊరో, మేనమామ ఇల్లో ఉంటుంది. బస్సు శ్రీకూర్మంలో ఆగుతుందని తెలియగానే కబురు వెళ్తుంది. గుడి బయట మేనమామ అరటిపళ్ల సంచితో నిలబడి ఉంటాడు. పిల్లవాడు "మావయ్యా" అని పరుగెత్తి కాళ్లకు చుట్టుకుంటాడు. ఆయన టీచరుతో, "మా అమ్మ మంచంలో ఉంది మేడమ్, వీణ్ణి చూస్తానంటోంది. ఈ రాత్రికి మా దగ్గరుంచుకుని రేపు బస్సెక్కిస్తా" అంటాడు. కళ్లలో నీళ్లు కూడా నిజమే. టీచరు పిల్లవాడి మొహం చూస్తుంది, మావయ్య మొహం చూస్తుంది, సరే అంటుంది. వద్దంటే ఏ మొహం పెట్టుకుని అనాలి?

నూటికి తొంభై తొమ్మిదిసార్లు ఏమీ కాదు. ఆ మిగిలిన ఒక్కసారి పర్లాకిమిడిలో తల్లీ తండ్రీ విడిపోయి పిల్లవాడి కోసం కోర్టులో ఉంటారు, ఆ సంగతి టీచరుకు తెలియదు. లేదా ఆ మావయ్యను ఇంట్లోవాళ్లు దూరం పెట్టి రెండేళ్లయింది, కారణం పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. పిల్లవాడు గుర్తుపట్టడం వరస సంగతి చెబుతుంది, అనుమతి సంగతి చెప్పదు. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా 18 ఏళ్లలోపు వాళ్లను తీసుకెళ్తే భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షన్ ప్రకారం అది అపహరణ కిందికి రావచ్చు, తీసుకెళ్లింది మేనమామైనా సరే.

కాబట్టి టూరుకు ముందు తల్లిదండ్రులతో సంతకం పెట్టించుకునే కాగితంలో ఒక వరస పెరగాలి: దారిలో పిల్లను కలవడానికి ఎవరైనా వస్తారా, వస్తే పేరు, ఫోను, కలవడానికా తీసుకెళ్లడానికా. పేరు లేని మనిషి వస్తే టీచరు చెయ్యాల్సింది ఒక్కటే, స్కూలు రిజిస్టరులో ఉన్న నంబరుకు ఫోన్ చెయ్యడం. వచ్చినాయన తన ఫోనులో కలిపి "ఇదిగో మా అక్క, మాట్లాడండి" అని ఇస్తే అది చెల్లదు. అవతల మాట్లాడేది ఎవరో ఎలా తెలుస్తుంది? "మావాళ్లు రూలు పెట్టారండీ, నా చేతిలో లేదు" అని నెపం కాగితం మీదికి తోసెయ్యడం టీచరుకు తేలిక, మావయ్యకూ అవమానం ఉండదు. రాతలో ఉన్న రూలుకు ఉన్న గొప్ప లాభం అది, మొహమాటాన్ని మనిషి మీద నుంచి తీసేస్తుంది.

కొన్ని ఇళ్లలో రహస్యపు మాట ఒకటి పెట్టుకుంటారు. అమ్మ నిజంగా ఎవరినైనా పంపితే ఆ మనిషికి ఆ మాట చెప్పి పంపుతుంది, పిల్ల అడుగుతుంది, చెప్పకపోతే కదలదు. "కొబ్బరి లడ్డు" లాంటిదైతే పిల్ల మర్చిపోదు. దేవుడి పేరో, ఇంట్లో ముద్దుపేరో పెడితే ఎవడైనా ఊహించేస్తాడు.

ముద్దుపేరు అన్నాక మెళ్లో కార్డు సంగతి. పిక్నిక్ రోజున పిల్లల మెళ్లో పెద్ద అక్షరాలతో పేరు రాసిన కార్డు వేలాడుతూ ఉంటుంది. స్కూలు దీన్ని జాగ్రత్త అనుకుంటుంది. పది అడుగుల దూరం నుంచి ఆ పేరు చదివి "శ్రావణీ, ఇలా రామ్మా" అని పిలిచినవాణ్ణి శ్రావణి కొత్తవాడనుకుంటుందా? పేరు తెలిసినవాడు తెలిసినవాడే. పైకి కనబడాల్సింది స్కూలు పేరు, టూరులో ఉన్న టీచరు సెల్ నంబరు. పిల్ల పేరు, ఇంటి నంబరు కార్డు వెనకవైపు ఉండాలి, లేదా చొక్కా లోపల. నంబరు రెండు ఉండటం నయం, ఎందుకంటే దేవమాలి లాంటి కొండల మీద ఒక కంపెనీ సిగ్నల్ దొరికితే ఇంకోటి దొరకదు.

కార్డు ఏ లిపిలో అన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. ఒడియాలో మాత్రమే రాసిన కార్డు అరకు హోంగార్డు చేతిలో బొమ్మే. తెలుగులో మాత్రమే రాస్తే గోపాలపూర్ కానిస్టేబులుకి అంతే. తెలుగు, ఒడియా, ఇంగ్లిషు మూడింట్లోనూ స్కూలు పేరు, ఊరు, నంబరు ఉంటే అరచేతి కార్డులో సరిపోతుంది. గజపతి, రాయగడ, కోరాపుట్ హాస్టళ్ల నుంచి వచ్చే సవర, కోందు పిల్లలకు ఇది మరీ అవసరం. క్లాసులో ఒడియా వల్లించే పిల్లవాడు భయపడ్డప్పుడు ఇంటి భాషలోకే పోతాడు. ఏ భాష మాట్లాడతాడో కూడా కార్డు మీద ఒక ముక్క రాస్తే, దొరికినవాళ్లు ఆ భాష వచ్చిన మనిషిని వెతకగలరు.

ఇంతకీ పిల్లలు తప్పిపోయేది ఎప్పుడు? ఎవరో ఎత్తుకుపోవడం అరుదు. తప్పిపోవడం ప్రతి సీజనులోనూ జరిగేదే, ఎత్తుకుపోయేవాడికి అవకాశం దొరికేదీ ఆ సందులోనే. ఆ సందు దాదాపు ఎప్పుడూ మార్పుల దగ్గర వస్తుంది. బస్సు దిగేటప్పుడు, బాత్రూముకి వెళ్లేటప్పుడు, బొమ్మల దుకాణం దగ్గర ఆగినప్పుడు, గ్రూపు ఫోటో అయిపోయి చెదిరినప్పుడు. చూడాల్సిన చోటు చూస్తున్నంతసేపు టీచర్ల కళ్లు పిల్లల మీదే ఉంటాయి, కదిలేటప్పుడు మాత్రం సామాను మీద ఉంటాయి.

జాతీయ రహదారి పక్క దాబాలో ఆగిన బస్సును తీసుకోండి. నలభై రెండు మంది పిల్లలు, నలుగురు టీచర్లు. ఆడపిల్లలను ఒక టీచరు వెనకవైపు బాత్రూములకు తీసుకెళ్తుంది. మగపిల్లలు బస్సు పక్కనే చెట్ల దగ్గర. ఒక టీచరు బిల్లు కడుతోంది, ఒకాయన డ్రైవరుతో దారి మాట్లాడుతున్నాడు. అందరూ ఎక్కాక లెక్క మొదలవుతుంది, సీట్ల వెనక నుంచి తలలు లెక్కపెట్టుకుంటూ. ముగ్గురు కూర్చునే సీట్లో నలుగురున్నారు, ఒకడు కిందికి వంగి చెప్పు వెతుక్కుంటున్నాడు. నలభై ఒకటి. మళ్లీ లెక్క. నలభై రెండు. "సరే, పోనీ." ఆ రెండో లెక్కలో ఒక తల రెండుసార్లు వచ్చిందో లేదో ఎవరికి తెలుసు? వెనక బాత్రూము గడియ బిగుసుకుపోయిన మూడో తరగతి పిల్ల తలుపు కొడుతూనే ఉండొచ్చు.

తలలు లెక్కపెట్టడం కన్నా పిల్లలనే చెప్పమనడం మేలు. ఒకటి నుంచి నలభై రెండు దాకా ఎవరి నంబరు వాళ్లకి ఇచ్చి, వరసగా అరవమంటే లేనివాడి చోట నిశ్శబ్దం వస్తుంది. మొత్తం తక్కువైందని కాకుండా ఎవరు లేరో అప్పటికప్పుడే తెలుస్తుంది. దీనికి జోడీ పద్ధతి తోడైతే ఇంకా గట్టి. పక్కవాడు లేడని మొదట గమనించేది టీచరు కాదు, వాడి చిప్స్‌లో సగం తినాల్సిన స్నేహితుడు. ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దలన్న ప్రశ్నకు బ్రిటన్‌లోని పిల్లల సంరక్షణ సంస్థ ఎన్.ఎస్.పి.సి.సి. 4 నుంచి 8 ఏళ్ల వాళ్లయితే ఆరుగురికి ఒకరు, 9 నుంచి 12 ఏళ్ల వాళ్లయితే ఎనిమిది మందికి ఒకరు అంటుంది. నలభై రెండు మంది చిన్నపిల్లలకు ఏడుగురు. మన స్కూళ్లలో అంతమంది టీచర్లను ఒక్కరోజు బయటికి పంపితే బడి మూసెయ్యాలి. తల్లులను ఇద్దరు ముగ్గురిని వెంట రమ్మంటే ఖర్చు రెండు మూడు సీట్లే.

యూనిఫాం మీద పెట్టుకున్న నమ్మకం కూడా కొంచెం తగ్గించుకోవాలి. జనవరి మొదటి వారంలో గోపాలపూర్‌లోనో, చిలికా ఒడ్డున రంభలోనో ఒకే రంగు దుస్తుల్లో మూడు బడుల పిల్లలు కలగలిసి ఉంటారు. ఆ రోజుకి మాత్రం అందరి మెడకూ ఒకే రంగు చేతిరుమాలు కట్టినా దూరం నుంచి తెలుస్తుంది.

ఇన్ని చేసినా పిల్ల తప్పిపోవచ్చు. అప్పుడు దానికి కొత్తవాళ్లే దిక్కు. మరి ఏ కొత్తవాళ్లు? "పోలీసు దగ్గరికి వెళ్లు" అని చెప్పడం వాడుక. బీచిలో పోలీసు ఎక్కడున్నాడో పెద్దవాళ్లకే తెలియదు. చిన్న పిల్లకు సెక్యూరిటీ గార్డు, ఎన్.సి.సి. కుర్రాడు, బ్యాండు మేళం మనిషి అందరూ పోలీసుల్లాగే కనిపిస్తారు. దానికన్నా తేలిక గుర్తు ఒకటుంది: చోటు వదిలి పోలేని మనిషి. మసాలా ముఢీ (మరమరాలు) బండి, కొబ్బరిబోండాల కుప్ప, టికెట్ల కిటికీ, గుడి దగ్గర చెప్పులు కాసే చోటు. బండి వదిలేసి పిల్లను ఎటో తీసుకుపోవడం ఆ మనిషికి కష్టం, నలుగురూ చూస్తారు, రేపు కూడా అక్కడే ఉండాలి. అలాంటి చోటు కనబడకపోతే పిల్లలతో వచ్చిన తల్లి.

అడగాల్సిన తీరు కూడా ఇంట్లో ఒకటి రెండుసార్లు ఆడి చూపించాలి. ఉన్నచోటే ఆగడం మొదటిది. టీచర్లు వెనక్కి వెతుక్కుంటూ వస్తారు, పిల్ల ముందుకు పరుగెత్తితే ఇద్దరూ కలవరు. "మేడమ్!" అని అరిస్తే గోపాలపూర్‌లో పదిమంది వెనక్కి తిరుగుతారు, అందుకే టీచరు పూర్తి పేరు తెలియాలి. అమ్మ పేరు అడిగితే "అమ్మ" అని చెప్పే వయసు పిల్లలకు అమ్మ పేరు, నాన్న పేరు, ఊరు, పది అంకెల నంబరు పాటలా నేర్పాలి. బండివాడిని అడగాల్సిన మాట "మా టీచరుకు ఇక్కడ నుంచే ఫోన్ చెయ్యండి" అని. ఇక్కడ నుంచే. "పద, చూపిస్తా" అని ఎంత మంచిగా పిలిచినా కదలకూడదు.

ఎవరైనా చెయ్యి పట్టి లాగితే ఏమని అరవాలన్నది ఇంకా ముఖ్యం. ఉత్తినే ఏడ్చి గింజుకునే పిల్లను చూస్తే జనం ఏమనుకుంటారు? ఐస్‌క్రీం కొనలేదని మారాం చేస్తోంది, తండ్రి లాక్కెళ్తున్నాడు అనుకుని నవ్వుకుంటూ పోతారు. జనాన్ని ఆపేది ఏడుపు కాదు, మాట. "ఈయన మా నాన్న కాదు!" అన్న మాట. ఒడిశాలో ఉన్నప్పుడు అదే ఒడియాలో, "ఇయె మో బాపా నుహన్తి!" అని. తెలుగు పిల్లలు ఇది నాలుగుసార్లు గట్టిగా అరిచి ప్రాక్టీసు చెయ్యడానికి సిగ్గుపడరు, పెద్దవాళ్లే ఇరుగుపొరుగు వింటారని ఆపుతారు.

ఆ అరుపుకు రెండో వైపు కూడా ఉంది, చెప్పకుండా దాటెయ్యడం న్యాయం కాదు. 2018లో పిల్లలనెత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ వాట్సాప్‌లో వచ్చిన పుకార్లు దేశమంతా ప్రాణాలు తీశాయి. మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో ఆ ఏడాది జూలై 1న సంచార గోసావి కులానికి చెందిన ఐదుగురిని జనం కొట్టి చంపారు. వాళ్లలో ఒకరు ఒక చిన్నపిల్లను పలకరించడంతో అనుమానం మొదలైందని అప్పటి వార్తలు. ఆ రోజుల్లో తిరిగిన వీడియోల్లో ఒకటి, బైకు మీద వచ్చి పిల్లవాణ్ణి ఎత్తుకుపోయేది, నిజానికి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లవాణ్ణి తిరిగి దింపి జాగ్రత్త చెప్పే ముక్కను ఎవరో కోసేశారు. పిల్లలను కాపాడమని తీసిన వీడియోనే మనుషులను చంపించింది. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజిని ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది.

అందుకే తప్పిపోయిన పిల్ల ఎదురైన పెద్దవాళ్లకూ ఒక పద్ధతి ఉండాలి. ఏడుస్తున్న పిల్ల చెయ్యి పట్టుకుని నడిపించుకుపోవద్దు, ఎంత మంచి ఉద్దేశమైనా. అక్కడే నిలబడి, పక్కవాళ్లను ఇద్దరిని పిలిచి, ఫోన్ చెయ్యడం. ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టి తెల్లారాక చూద్దాం అనుకోవడం పాత రోజుల మంచితనం. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ఒంటరిగా దొరికిన పిల్ల గురించి 24 గంటల్లోగా పోలీసులకో, చైల్డ్‌లైన్‌కో, బాలల సంక్షేమ కమిటీకో చెప్పాలి. చెప్పకపోతే అది శిక్ష పడే నేరం.

ఆ 24 గంటలన్నది దొరికిన పిల్ల గురించి. తప్పిపోయిన పిల్ల కోసం ఒక రోజు ఆగి ఫిర్యాదు చెయ్యాలన్నది వట్టి భ్రమ. పిల్ల కనబడకపోతే వెంటనే ఎఫ్‌ఐఆర్ రాయాలని, అపహరణో మనుషుల అక్రమ రవాణానో జరిగిందనే అనుకుని వెతకాలని సుప్రీంకోర్టు 2013 మే 10న చెప్పింది. పోలీసు కన్నా ముందు ఆలస్యం చేసేది తరచూ స్కూలే. "ముందు మనం చూసుకుందాం, ఊరికే అల్లరి ఎందుకు" అని నలుగురు టీచర్లూ నాలుగు వైపులా పరుగెడతారు, మిగిలిన నలభై ఒక్క మందిని ఎవరికి వదిలి? ఒకరు పిల్లల దగ్గర, ఒకరు చివరిసారి చూసిన చోట, ఒకరు బయటికి పోయే దారి దగ్గర, పది నిమిషాల్లో ఫోను. అంతకన్నా టైము తీసుకోకూడదు.

సరిహద్దులో ఆ ఫోను ఎటు వెళ్తుందన్నది తెలిసి ఉండాలి. పర్లాకిమిడి, పాతపట్నం పక్కపక్క ఊళ్లు, రాష్ట్రాలు వేరు. ఇవతల నిలబడిన ఫోను అవతల టవర్ పట్టుకోవడం అక్కడివాళ్లకు కొత్తేమీ కాదు. 112కు చేసిన కాల్ పక్క రాష్ట్రపు కంట్రోల్ రూముకు వెళ్లొచ్చు. అందుకని ఫోన్ ఎత్తగానే చెప్పాల్సిన మొదటి మాట ఊరు, జిల్లా, రాష్ట్రం. తర్వాతే పిల్ల పేరు. పిల్లల కోసం 1098, రైల్లోనో స్టేషన్లోనో అయితే 139. "అది మా పరిధి కాదు, ఇచ్ఛాపురం వెళ్లండి" అని ఏ స్టేషనైనా అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అని అడగాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం రాసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనే ఉంది. టూరు టీచరు ఫోనులో పిల్లలందరి ఫోటోలూ ఆ రోజు పొద్దున బస్సెక్కే ముందు తీసినవి ఉంటే, ఏ చొక్కా, ఏ చెప్పులు అన్న ప్రశ్నకు తడుముకోనక్కర్లేదు. ఆ ఫోటోలు టీచరు దగ్గరే ఉండాలి. "ఇప్పుడే తారాతారిణి చేరాం" అంటూ పిల్లల ఫోటోలు స్టేటస్‌లో పెట్టడం సాయంత్రం ఇంటికొచ్చాక చేసుకోవచ్చు.

కొత్తవాళ్ల భయం ఎక్కువైన చోట నీళ్ల భయం తగ్గడం ఇంకో విడ్డూరం. 2024 జనవరి 18న వడోదర హరణీ చెరువులో స్కూలు పిక్నిక్ పడవ బోల్తాపడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఆ పిల్లలను ఏ కొత్తవాడూ ఎత్తుకుపోలేదు. చిలికాలో పడవెక్కే ముందు లైఫ్ జాకెట్లు పిల్లల సైజువి ఉన్నాయా అని అడిగే తల్లులు ఎంతమంది?

ఇక తిరిగి వచ్చే రాత్రి. పొద్దున్న అంత హడావిడిగా ఉండే కిటికీలు ఖాళీ. బస్సు గంటన్నర ఆలస్యం, పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్ర, టీచర్లకు కాళ్లు పీకుతున్నాయి. గేటు దగ్గర హెడ్‌లైట్ల వెలుగులో తల్లులు, తండ్రులు, బాబాయిలు, ఆటో తెచ్చిన పక్కింటాయన. "మా పాపను ఇవ్వండి, నేను తీసుకెళ్తా, మూడిళ్ల అవతలే మా ఇల్లు." రోజంతా లెక్కపెట్టిన టీచరు ఈ ఐదు నిమిషాల్లో లెక్క మానేస్తుంది, ఎందుకంటే ఊరు చేరాం కదా. పొద్దున ఎక్కించినప్పుడు సంతకం పెట్టించిన కాగితం ఇప్పుడు ఎక్కడుందో కూడా తెలియదు, బహుశా వంటపాత్రల సంచిలో. దాన్ని తీసి, టార్చి వెలుగులో ఒక్కొక్క పేరు పక్కన తీసుకెళ్లినవాళ్ల సంతకం పెట్టించాలి. పేరు లేని పక్కింటాయన వస్తే ఇంటికి ఫోన్ చేసి కనుక్కోవాలి. ఎవరూ రాని ఒక్క పిల్ల మిగిలితే, దాని నాన్న వచ్చేదాకా టీచరు ఆ అరుగు మీదే కూర్చోవాలి, డ్రైవరు ఎంత తొందరపెట్టినా.